పాత ఎయిర్ కంప్రెసర్: కొనే ముందు పరీక్ష

పంచర్ షాపుల్లో, కార్ వాష్‌లలో, స్ప్రే పెయింటింగ్ షెడ్లలో ఎక్కువగా కనిపించేది పిస్టన్‌తో, బెల్టుతో నడిచే కంప్రెసర్. అందులో గాలిని నొక్కే హెడ్, దాన్ని తిప్పే మోటారు, గాలిని నిల్వ చేసే ట్యాంకు ముఖ్య భాగాలు. సెకండ్ హ్యాండ్‌లో కొనేవారు చాలావరకు హెడ్ చప్పుడు విని, మోటారు నడక చూసి బేరం మొదలుపెడతారు. ట్యాంకు రంగు బాగుంటే దాని గురించి అడగనే అడగరు. పరీక్ష మొదలుకావలసింది మాత్రం ట్యాంకు దగ్గరే. పిస్టన్ రింగులు, వాల్వు ప్లేట్లు, బేరింగులు, బెల్టు అన్నీ బజారులో దొరుకుతాయి. మోటారు కాలితే రీవైండింగ్ చేయిస్తారు. లోపల తుప్పు తినేసిన ట్యాంకుకు అలాంటి బాగుచేత లేదు. పైగా హెడ్ చెడితే పని ఆగుతుంది, ట్యాంకు చెడితే మనిషి ప్రాణం పోవచ్చు.

ట్యాంకు ఎందుకు పాడవుతుందో గాలిలోని తేమే చెబుతుంది. 30 డిగ్రీల వేడిలో 70 శాతం తేమ ఉన్న గాలి ఘనమీటరుకు దాదాపు 21 గ్రాముల నీటిఆవిరిని మోస్తుంది. కోస్తా ఊళ్లలో ఇది మామూలు విషయమే. ఆ గాలిని చదరపు సెంటీమీటరుకు 7 కిలోల పీడనానికి నొక్కితే దాని పరిమాణం ఎనిమిదో వంతుకు తగ్గుతుంది. చల్లబడ్డాక అంత ఆవిరిని పట్టి ఉంచలేక నాలుగింట మూడు వంతుల దాకా నీరుగా వదిలేస్తుంది. నిమిషానికి 440 లీటర్ల గాలి ఇచ్చే యంత్రం రోజుకు మూడు గంటలు నడిస్తే ఈ లెక్కన లీటరుకు పైగా నీరు చేరుతుంది. దాన్ని రోజూ డ్రెయిన్ కాక్ తిప్పి వదలాలి. చాలా షాపుల్లో వదలరు. అడ్డంగా పడుకున్న ట్యాంకులో ఆ నీరు అడుగున పొడవాటి చారలా నిలిచి ఇనుమును లోపలి నుంచి తింటుంది. బయటి రంగుకు ఆ సంగతి తెలియదు.

ఆ చార పడిన చోటు కూడా ప్రమాదకరమైనదే. స్తూపాకారపు ట్యాంకులో గోడను పొడవునా చీల్చే ఒత్తిడి, చివరి మూతలను ఊడదీసే ఒత్తిడికి సరిగ్గా రెట్టింపు ఉంటుంది. తుప్పు గోడను సన్నబరిచేది ఆ పొడవు దారిలోనే. 4 మిల్లీమీటర్ల రేకు 2 మిల్లీమీటర్లకు అరిగితే అక్కడి ఇనుము రెట్టింపు భారం మోయాలి. 220 లీటర్ల ట్యాంకులో 7 కిలోల పీడనంతో ఉన్న గాలి ఒక్కసారిగా వ్యాకోచిస్తే వెలువడే శక్తి సుమారు 200 కిలోజౌళ్లు. టన్ను బరువును 20 మీటర్ల ఎత్తుకు లేపడానికి అంత శక్తి కావాలి. అది వెలువడే చోటు షాపు మధ్యలో, పనివాడి మోకాళ్ల దగ్గర ఉంటుంది.

సేఫ్టీ వాల్వు ఉంది కదా అని అమ్మేవారు అంటారు. అయితే ఆ వాల్వు తనకు నిర్ణయించిన పీడనం దాటితేనే తెరుచుకుంటుంది. రేకు బలం ఆ పీడనం కన్నా కిందికి పడిపోతే, వాల్వు కదలకముందే ట్యాంకు చీలుతుంది. కొత్త ట్యాంకును అతి పీడనం నుంచి కాపాడటమే దాని పని, పాత ట్యాంకును తుప్పు నుంచి కాపాడటం దానివల్ల కాదు. ఇన్నేళ్లు నిలిచింది కదా అనేది రెండో వాదన. తుప్పు ప్రతి ఏడూ రేకును కొంత తగ్గిస్తూ పోతుంది కాబట్టి గడిచిన ఏళ్లు మిగిలిన బలానికి సాక్ష్యం కావు. చిన్న చిల్లు పడి ముందే హెచ్చరిస్తుందన్న మూడో వాదనలో కొంత నిజముంది, గుంటలుగా తినే తుప్పు తరచూ అలాగే బయటపడుతుంది. కానీ విశాలంగా అరిగిన రేకు, కాళ్ల వెల్డింగు దగ్గర అదురుకు పుట్టిన పగులు అలా ముందుగా చెబుతాయన్న నమ్మకం లేదు. చిల్లు పడిందంటే చుట్టుపక్కల రేకు కూడా సన్నబడిందనే అర్థం. అందుకే అడుగున వెల్డింగు అతుకు గానీ, ఎం-సీల్ పూత గానీ కనిపిస్తే ఆ ట్యాంకును వదిలేయాలి.

చూడటం నేమ్‌ప్లేటుతో మొదలవుతుంది. తయారీ సంవత్సరం, సీరియల్ నంబరు, పని పీడనం, పరీక్షించిన పీడనం దాని మీద ఉండాలి. ప్లేటు ఊడదీసిన ట్యాంకు ఎంత ఒత్తిడికి కట్టినదో తేల్చే ఆధారం లేదు. తర్వాత ట్యాంకులోని గాలి పూర్తిగా వదిలి డ్రెయిన్ కాక్ తెరవాలి. నీరు బురదలా, తుప్పు పొరల ముక్కలతో వస్తే లోపలి స్థితి తెలిసిపోయినట్లే. బిగుసుకుపోయి తిరగని కాక్ కూడా చెడ్డ గుర్తే, దాన్ని ఎన్నాళ్లుగానో ఎవరూ ముట్టుకోలేదన్నమాట. అల్ట్రాసోనిక్ మందం మీటరుతో బయటి నుంచే రేకు కొలవవచ్చు. అడుగు గీత వెంబడి దగ్గర దగ్గరగా కొలిస్తేనే అది ఉపయోగం, లేకపోతే గుంటలు తప్పించుకుంటాయి.

ఇవన్నీ సూచనలు. తీర్పు చెప్పేది నీటి పీడన పరీక్ష. ట్యాంకును గాలి బుడగ మిగలకుండా నీటితో నింపి, నిర్మాణ ప్రమాణాన్ని బట్టి పని పీడనానికి 1.3 నుంచి 1.5 రెట్ల దాకా చేతిపంపుతో పెంచి, కారుతుందా, ఉబ్బుతుందా అని చూస్తారు. నీరు దాదాపు నొక్కుకోదు కాబట్టి అందులో నిలిచే శక్తి గాలితో పోలిస్తే వేల వంతుల్లో ఒకటి. రేకు పగిలినా నీరు చిమ్ముతుంది, ముక్కలు ఎగరవు. గాలితో అదే పరీక్ష చేయబోవడం ప్రాణాంతకం. 2025 దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో 31వ సెక్షన్‌ను పీడన పరికరాల భద్రతకే కేటాయించారు. కర్మాగారం నుంచి వచ్చిన యంత్రమైతే పాత పరీక్షల పత్రాలు అడగడం న్యాయమే.

ట్యాంకు గట్టిదని తేలాకే హెడ్ సంగతి. దాని ఆరోగ్యాన్ని చెవి కన్నా గడియారం బాగా చెబుతుంది. బయటికి వెళ్లే వాల్వు మూసి, 5 కిలోల నుంచి 7 కిలోలకు ఎక్కడానికి పట్టిన సమయం చూడాలి. 220 లీటర్ల ట్యాంకులో పీడనం 2 కిలోలు పెరిగిందంటే సుమారు 440 లీటర్ల గాలి చేరినట్లు. నిమిషంలో ఎక్కితే అది దాదాపు 15 సీఎఫ్‌ఎమ్ (నిమిషానికి ఘనపుటడుగులు). 5 హెచ్‌పీ యంత్రానికి అది సబబైన అంకె. రెండు నిమిషాలు పడితే రింగులో వాల్వులో అరిగినట్లే. ఈ పరీక్షకు ముందు ట్యాంకులోని నీరు తప్పక వదలాలి. నీరు నిండిన మేర చోటు తగ్గి గాలి తొందరగా ఎక్కుతుంది, నీరసించిన హెడ్ కూడా చురుగ్గా కనబడుతుంది. ఆయిల్ పాలలా తెల్లబడితే నీరు కలిసింది, మెరుపు పొడి కనిపిస్తే బేరింగులు అరుగుతున్నాయి. మోటారు ఆగాక కూడా ప్రెషర్ స్విచ్ దగ్గర బుస్సుమంటూ ఉంటే నాన్ రిటర్న్ వాల్వు మార్చాలి. మోటారు కరెంటును క్లాంప్ మీటరుతో చూసి ప్లేటు మీది అంకెతో పోల్చాలి. షాపుకు సింగిల్ ఫేజ్ కనెక్షనే ఉంటే త్రీ ఫేజ్ మోటారు అక్కడ నేరుగా నడవదు.

నీటి పరీక్షకు ఖర్చు, వ్యవధి రెండూ కావాలి, అంత తతంగం చిన్న షాపుకు ఎందుకన్నది చివరి అభ్యంతరం. పరీక్ష చేయించని ట్యాంకును పాత ఇనుము ధరకు లెక్కగట్టి, హెడ్డుకూ మోటారుకూ మాత్రమే వెల కట్టి, కొత్త ట్యాంకు ఖర్చు పక్కన పెట్టుకుని బేరమాడటమే దానికి మార్గం. ఆ మొత్తం కొత్త యంత్రం ధరకు చేరువైతే పాతది కొనడంలో లాభమేమీ లేదు. పరీక్షలో తప్పిన ట్యాంకును యథాతథంగా తుక్కు దుకాణానికి వేయకూడదు, రంగు పూసుకుని మరో హెడ్ కింద తిరిగి బజారుకు వస్తుంది. గాలంతా వదిలాక అడుగున చెయ్యి పట్టేంత రంధ్రం కోయించి మరీ ఇవ్వాలి. లోపల ఆయిల్ తడి ఉంటుంది కాబట్టి కోసే ముందు కడిగించాలి.