అమ్ముగూడ బలరాం

1963 జూన్ 11న హైదరాబాద్‌లో ఫుట్‌బాల్ శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం కన్నుమూశాడు. ఊపిరితిత్తుల కాన్సరు. అదే ఏడాది కలకత్తాలో ఆయన శిష్యుడు తులసీదాస్ బలరాం ఆట మానుకోవలసి వచ్చింది. అదీ ఊపిరితిత్తుల జబ్బే. గురువుకు యాభై మూడేళ్లు, శిష్యుడికి ఇరవయ్యేడు. అంతకు ముందు సెప్టెంబరులోనే ఇద్దరూ జకార్తాలో లక్ష మంది ముందు ఆసియా క్రీడల బంగారు పతకం గెలుచుకుని వచ్చారు. ఏడాది తిరగకుండానే ఒకరు మట్టిలో కలిశారు, ఒకరు మైదానం వదిలారు. హైదరాబాద్ ఫుట్‌బాల్ ఎప్పుడు పడిపోవడం మొదలైందని అడిగితే నేను ఆ ఏడాదినే చూపిస్తాను. పునాది కదలడం మాత్రం ఇంకా ముందరి సంగతి.

బలరాం 1936లో సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టాడు. తమిళ కుటుంబం, చేతిలో డబ్బాడని ఇల్లు. చుట్టూ కంటోన్మెంటు. సిపాయిలు సాయంత్రం పూట బంతి ఆడుతుంటే చూసి నేర్చుకున్న పిల్లలు ఆ వాడల్లో చాలామంది. బలరాం వాళ్లలో ఒకడు. రహీం కంట పడకపోతే అక్కడే ఉండిపోయేవాడు. రహీం బడిపంతులు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు శిక్షకుడు. భారత జట్టుకూ ఆయనే. సాధనకు రమ్మంటే, అమ్ముగూడ నుంచి నగరానికి రోజూ రావడానికి కిరాయి డబ్బులు లేవన్నాడు కుర్రాడు. సైకిలు ఏర్పాటు చేసింది రహీమే. ఈ ముక్క బలరాం ముసలితనంలో కూడా తలుచుకునేవాడు. పతకాల కన్నా ఆ సైకిలే ఆయనకు బాగా గుర్తున్నట్టుంది.

అప్పటి హైదరాబాద్ ఏమిటో ఈ తరానికి చెప్పాలి. సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. 1950లో డ్యూరాండ్ ఫైనల్లో మోహన్ బగాన్ మీద రెండు గోల్స్ వెనకబడి, సమం చేసి, మళ్లీ ఆడిన ఆటలో గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టు మనది. అందులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, లతీఫ్, సలాం అందరూ హైదరాబాద్ ఫుట్‌బాల్ నుంచి ఎదిగినవాళ్లే. ఇరవై ఏళ్ల బలరాం కూడా ఆ జట్టులో ఉన్నాడు. 1956–57లో, ఆ మరుసటి ఏడూ సంతోష్ ట్రోఫీ హైదరాబాద్‌దే.

ఇంత ఉండి, నగరం దగ్గర లేనిది ఒకటే. ఆటగాణ్ణి నిలబెట్టుకునే దారి. పోలీసు ఉద్యోగం, కొద్దిపాటి జీతం, మైదానంలో పేరు: అంతవరకే. కలకత్తా అలా కాదు. అక్కడ ఈస్ట్ బెంగాల్ కార్యదర్శి జ్యోతిష్ చంద్ర గుహ దక్షిణాదిలో ఎక్కడ మంచి కాలు కనబడినా వదిలేవాడు కాదు. నలభైల చివర సాలె, అప్పారావు, ధన్‌రాజ్, వెంకటేశ్, అహ్మద్ ఖాన్ అనే ఐదుగురు దక్షిణాది వాళ్లను కూర్చి క్లబ్బుకు పంచపాండవులని పేరు తెచ్చింది ఈ వేటే. కాగితం మీద అందరూ అమెచ్యూర్లు. లోపల మాత్రం డబ్బు, బస, ఉద్యోగం మాటలు నడిచేవి. ఏడాదికోసారి బదిలీల కాలం వస్తే, సంతకం పెట్టేదాకా అవతలి క్లబ్బు ఎత్తుకుపోకుండా ఆటగాళ్లను ఇళ్లలో దాచిపెట్టేవాళ్లు. పెళ్లికొడుకును దాచినట్టు ఆటగాణ్ణి దాచిన నగరం ఇంకొకటి ఉంటుందని నేననుకోను.

1957లో బలరాం కలకత్తా మైదానానికి చేరాడు. ఆరేళ్లలో ఈస్ట్ బెంగాల్‌కు నూరుకు పైగా గోల్స్. 1961లో కెప్టెన్‌గా కలకత్తా లీగు గెలిపించాడు. ఆ లీగులో అందరికన్నా ఎక్కువ గోల్స్ కొట్టిందీ అతనే, ఇరవై మూడు. అదే కుర్రాడు హైదరాబాద్‌లో ఉండి ఉంటే ఇంత పేరు వచ్చేదా అంటే, రాదనే చెప్పాలి. కాబట్టి ఈ కథలో దొంగలెవరూ లేరు. పిలిచినవాడికి ఆట కావాలి, పోయినవాడికి అన్నం కావాలి. పోగొట్టుకున్న ఊరికి మాత్రం పోగొట్టుకున్నామన్న స్పృహ లేదు.

1960 రోమ్‌లో భారత జట్టు మూడు ఆటలాడి మూడే గోల్స్ కొట్టింది. రెండు బలరాంవి. ఆ ఒలింపిక్స్‌లో కంచు పతకం తీసుకుపోయిన హంగరీ మీద ఒకటి, పెరూ మీద ఒకటి. ఫ్రాన్స్‌తో ఒకటికొకటిగా ముగిసిన ఆటలో గోల్ పి.కె. బెనర్జీది. హంగరీ చేతిలో ఓడింది ఒక్క గోల్ తేడాతోనే. ఇవాళ ఆ మాట వింటే కట్టుకథలా ఉంటుంది.

జకార్తా సంగతి కొంచెం నిలబడి చెప్పుకోవాలి. 1962 ఆసియా క్రీడలకు ఇజ్రాయెల్, తైవాన్ జట్లను రానివ్వకపోవడాన్ని భారతీయ అధికారి జి.డి. సోంధీ తప్పుపట్టాడు. దాంతో ఊరు ఊరంతా మన మీద మండిపడింది. మన రాయబార కార్యాలయం మీద దాడి జరిగింది. మన జట్టు మైదానంలోకి దిగితే చాలు, ఈలలూ కేకలూ. తొలి ఆటలో దక్షిణ కొరియా చేతిలో రెండు గోల్స్ తేడాతో ఓడారు. తర్వాత థాయ్‌లాండ్, జపాన్. జపాన్ మీద గోల్ కొట్టిన ఇద్దరిలో బలరాం ఒకడు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం. సెప్టెంబరు 4న ఫైనల్లో మళ్లీ అదే దక్షిణ కొరియా. తలకు కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీం ముందు వరసలో ఆడించాడు. పి.కె. ఒక గోల్, జర్నైల్ ఒక గోల్. 2–1. చునీ గోస్వామి, పి.కె., బలరాం ముగ్గురి పేర్లూ ఒకే ఊపిరిలో చెప్పుకోవడం దేశానికి అలవాటైంది. భారత ఫుట్‌బాల్ మళ్లీ ఆసియా బంగారం చూడలేదు. జట్టును గెలిపించి తెచ్చిన రహీం తొమ్మిది నెలలే బతికాడు.

బలరాంకు 1962లోనే అర్జున అవార్డు వచ్చింది. మరుసటి ఏడు ఈస్ట్ బెంగాల్ వదిలి రైల్వే జట్టు బి.ఎన్.ఆర్.లో చేరాడు. ఉద్యోగం దొరికింది, ఆట పోయింది. ఇరవయ్యేడేళ్లకు ఫార్వర్డు ఆట పండుతుంది. పరుగు తగ్గకుండానే చూపు పెరిగే వయసు అది. చునీ 1964 దాకా భారత జట్టుకు ఆడాడు, పి.కె. 1967లో ఆట మానాడు. బలరాంది సగంలో తెగిన ఆట. ఆ తర్వాత రైల్వే ఉద్యోగం, కుర్రాళ్లకు శిక్షణ, అడపాదడపా సెలెక్టరు బాధ్యత. పెళ్లి చేసుకోలేదు. హుగ్లీ ఒడ్డున ఉత్తర్‌పారాలో ఒంటరిగా ఉండిపోయాడు. చునీకి 1983లో, పి.కె.కు 1990లో పద్మశ్రీ వచ్చింది. మూడో పేరుకు రానే లేదు. ఆ బాధ ఆయన దాచుకోలేదు. ఆరేళ్లు ఒళ్లు హూనం చేసుకుని ఆడిన క్లబ్బు మీద కూడా మనసు విరిగింది, అదీ దాచుకోలేదు. 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలోనే పోయాడు. అమ్ముగూడకు తిరిగి రాలేదు.

అనంతపురం దగ్గర బత్తలపల్లెలో కూర్చుని ఇది రాస్తుంటే నాకు ఇది ఆట కథలా అనిపించదు. వేరుశనగ ఎండిపోయిన ఏడాది ఇళ్లకు తాళాలు వేసి, ధర్మవరం స్టేషన్లో బెంగుళూరు రైలెక్కేవాళ్లను చూస్తూ పెరిగిన నేల ఇది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోయే వాన. పోయినవాడు బాగుపడితే ఊరు సంతోషిస్తుంది, కానీ చెరువుకు పూడిక తీసే చెయ్యి ఒకటి తగ్గుతుంది. హైదరాబాద్ ఫుట్‌బాల్‌కు జరిగింది అచ్చం ఇదే వలస. బలరాం వెనక మహమ్మద్ హబీబ్ పోయాడు. 1966లో ఈస్ట్ బెంగాల్ పిలిచింది. 1977లో పేలే కలకత్తా వచ్చి కాస్మోస్ తరఫున ఆడినప్పుడు, మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టిన ఇద్దరిలో ఒకడు హబీబ్. ఉద్యోగాలు కాదని, ఆట మీదే బతికిన మనిషి. కలకత్తా ఆయన్ని బడే మియా అని నెత్తిన పెట్టుకుంది. తర్వాత ఆయన తమ్ముడు అక్బర్, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్. అమల్‌రాజ్ కలకత్తా పెద్ద క్లబ్బులు మూడింటికీ కెప్టెన్ అయ్యాడు. హబీబ్ చివరి రోజుల్లో హైదరాబాద్‌కు తిరిగొచ్చాడు, జబ్బుతో, మరుపుతో. 2023 ఆగస్టు 15న పోయాడు. బలరాం పోయి ఆరు నెలలు. ఒక్క ఏడాదిలో రెండు చావులు. మన పత్రికల్లో ఎన్ని కాలమ్‌లు వచ్చాయో చదివిన మీకే తెలుసు.

సంతోష్ ట్రోఫీ తెలుగు నేలకు చివరిసారి వచ్చింది 1965–66లో, ఆంధ్రప్రదేశ్ పేరు మీద. పోలీసు జట్టు చిక్కిపోయింది. ఊళ్లల్లో క్రికెట్ పెరిగింది. ఆ మాట అని తప్పించుకోవడం తేలిక. బెంగాల్లోనూ, కేరళలోనూ క్రికెట్ పెరిగింది కదా, అక్కడ ఫుట్‌బాల్ ఎందుకు చావలేదు? అక్కడ బంతిని పట్టుకున్న క్లబ్బులున్నాయి, వాటి వెనక జనం ఉన్నారు. ఇక్కడ ఒక్క రహీం ఉన్నాడు. ఒక మనిషి మీద కట్టిన ఇల్లు ఆ మనిషితోనే పోయింది. శిష్యులు చాలామంది అప్పటికే ఊరు దాటారు.

అనంతపురంలో ఇవాళ కొన్ని వందల మంది పిల్లలు బంతి ఆడుతున్నారు. 1969లో విన్సెంట్ ఫెర్రర్ మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ (ఆర్డీటీ) పెట్టిన మైదానాలవి. బత్తలపల్లెలో మనం వైద్యానికి పోయే ఆసుపత్రి కట్టిందీ ఆ సంస్థే. ఆ పిల్లల్లో ఒకరు బాగా ఆడితే బెంగుళూరు క్లబ్బో, గోవా క్లబ్బో వచ్చి తీసుకుపోతుంది. తీసుకుపోనివ్వాలి కూడా. పోయినవాడి కాలు విరిగినా, ఊపిరితిత్తి పాడైనా వెనక్కి వచ్చి నిలబడే చోటు జిల్లాలో ఉందా? దాని గురించి అడిగే తల్లిదండ్రులు మనలో ఎంతమంది?

హైదరాబాద్‌కు చివరి అవకాశం ఒకటి వచ్చింది. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల మీద ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. ఆ తర్వాత రెండేళ్లలోపే జీతాలు ఆగాయి, ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. 2025లో క్లబ్బు చేతులు మారి, పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. అంతకు ముందు ఆటగాళ్లే పోయేవారు, ఈసారి జట్టే పోయింది. రహీం పుట్టిన నగరానికి దేశపు పై లీగులో ఇవాళ జట్టు లేదు.