అమ్మ ఆల్బంలో దేశ చరిత్ర

ఒక ఫొటోలో ఇద్దరు ఆడవాళ్ళు ఉంటారు. ఇద్దరూ వేసుకున్నది ఒకే బట్టలు, ఇద్దరూ నిలబడిన తీరు ఒక్కటే. ఒకరు మామూలుగా కనిపిస్తారు, ఇంకొకరు నీడలాగా పల్చగా కనిపిస్తారు. వాళ్ళు తల్లీకూతుళ్ళు. కానీ ఆ ఫొటో వాళ్ళిద్దరూ కలిసి దిగింది కాదు. కూతురు దాన్ని తయారుచేసేనాటికి తల్లి బతికి లేదు.

ఆ కూతురి పేరు లెబొహాంగ్ ఖన్యే. ఆమె దక్షిణాఫ్రికాకు చెందిన ఫొటోగ్రాఫర్. 1990లో జొహాన్నెస్‌బర్గ్‌లో పుట్టారు. 2010లో వాళ్ళ అమ్మ చనిపోయారు. తర్వాత ఆమె అమ్మ పాత ఫొటోలను, వాటిలో అమ్మ వేసుకున్న బట్టలను వెతికి తీశారు. ఆ బట్టలే వేసుకుని, అమ్మ నిలబడినట్టే నిలబడి ఫొటోలు దిగారు. ఆ ఫొటోలను కంప్యూటర్‌లో అమ్మ ఫొటోల మీద కలిపారు. 2013లో చేసిన ఈ ఫొటోల వరుసకు 'కే లెఫా లాకా' అని పేరు పెట్టారు. సెసోతో భాషలో ఆ మాటకు 'ఇది నా వారసత్వం' అని అర్థం. 2024లో ఆమెకు డాయిష్ బోర్స్ ఫొటోగ్రఫీ బహుమతి కూడా వచ్చింది.

ఇది అమ్మ మీద ప్రేమతో చేసిన పని కదా, ఇందులో చరిత్ర ఏముంది అనిపించవచ్చు. కానీ అమ్మ గురించి తెలుసుకోవడానికి ఆమె అమ్మమ్మను, బంధువులను అడగడం మొదలుపెట్టారు. అప్పుడు తాత కథ బయటికి వచ్చింది. ఆరెంజ్ ఫ్రీ స్టేట్ అనే ప్రాంతంలోని పొలాలు వదిలి, పని కోసం ట్రాన్స్‌వాల్ వైపు వచ్చిన మొదటి మనిషి ఆయనే. తర్వాత వచ్చిన బంధువులకు ఆయన ఇల్లే ఆసరా అయింది. లెబొహాంగ్ పుట్టకముందే తాత చనిపోయారు. అందుకని ఆమె తాతలాగా సూటు వేసుకుని, ఆల్బంలోని బంధువుల ఫొటోలను మనిషంత అట్టబొమ్మలుగా చేయించి, వాటి మధ్య నిలబడి ఆయన కథను మళ్ళీ నటించారు.

అన్ని కుటుంబాలు పల్లెలు వదిలి ఎందుకు వచ్చాయి? జవాబు చట్టాలలో ఉంది. 1913లో వచ్చిన భూమి చట్టం దేశంలో ఎక్కువమందిగా ఉన్న నల్లజాతివాళ్ళకు సుమారు 7 శాతం భూమే మిగిల్చింది. 1936 చట్టం దాన్ని 13 శాతం దాకా పెంచుతామంది, అంతే. 1948లో వర్ణవివక్షను సిద్ధాంతంగా పెట్టుకున్న పార్టీ అధికారంలోకి వచ్చింది. 1950లో ప్రతి మనిషినీ ఏ జాతివాడో రాసి రిజిస్టర్‌లో ఎక్కించే చట్టం చేశారు. 1952 చట్టంతో 16 ఏళ్ళు నిండిన నల్లజాతివాళ్ళు ఎప్పుడూ జేబులో పాస్‌బుక్ పెట్టుకోవాల్సి వచ్చింది. అది లేకుండా పట్టుబడితే జైలే. 1960 మార్చి 21న షార్ప్‌విల్‌లో ఈ పాస్‌లకు ఎదురు తిరిగిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. 69 మంది చనిపోయారు.

ఆ పాస్‌బుక్‌లో కూడా ఒక ఫొటో ఉండేది. నన్ను బాగా ఆలోచింపజేసిన విషయం ఇదే. ఒకే మనిషికి రెండు ఫొటోలు. ఒకటి సర్కారుది, పోలీసు ఆపి చూడటానికి. ఇంకొకటి ఇంట్లో ఆల్బంలోది, తనవాళ్ళు చూసుకోవడానికి. మొదటి దాంట్లో మనిషి ఒక నంబరు. రెండో దాంట్లో అమ్మ, తాత, పెళ్ళికూతురు.

పేర్ల సంగతి కూడా ఇంతే. లెబొహాంగ్ ఇంటిపేరును వాళ్ళ కుటుంబంలోనే మూడు రకాలుగా రాస్తారు. ఒకచోట 'కె' పక్కన 'హెచ్', ఇంకోచోట 'కె' పక్కన 'జి', మరోచోట చివరి అక్షరం వేరు. వలసలు, భూమి చట్టాలు, వర్ణవివక్ష వీటి మధ్య ఆ పేరు అలా మారుతూ వచ్చింది. ఆ పేరుకు మూలమైన మాటకు అర్థం 'వెలుగు'. స్పెల్లింగ్‌లో ఏముంది అనుకుంటాం. కానీ అదే దేశంలో ఎర్నెస్ట్ కోల్ అనే ఫొటోగ్రాఫర్ 'కె'తో మొదలయ్యే తన పేరును 'సి'తో మార్చుకుని, తనను 'కలర్డ్' అనే వేరే జాతి కింద రాయించుకున్నాడు. దానితో పాస్‌బుక్ బాధ తప్పింది, తిరగడానికి వీలైంది. అలా తీసిన ఫొటోలే 1967లో 'హౌస్ ఆఫ్ బాండేజ్' అనే పుస్తకమయ్యాయి. సొంత దేశంలో దాన్ని నిషేధించారు.

లెబొహాంగ్‌కు ముందే ఈ దారిలో నడిచిన ఇంకొకరు సాంటు మొఫొకెంగ్ (1956–2020). ఆయన నల్లజాతి కుటుంబాల దగ్గర 1890 నుంచి 1950 దాకా దిగిన ఫొటోలను సేకరించి 'ది బ్లాక్ ఫొటో ఆల్బమ్' తయారుచేశారు. ఆ కాలంలోనే డగ్గన్-క్రోనిన్ అనే ఆయన ఆఫ్రికన్లను తెగలుగా చూపిస్తూ పెద్ద పెద్ద పుస్తకాలు వేశాడు. వాటిలో చాలా ఫొటోల కింద తెగ పేరే ఉంటుంది, మనిషి పేరు ఉండదు. మొఫొకెంగ్ సేకరించిన ఫొటోల్లో మాత్రం కోటు, టోపీ, మంచి గౌను వేసుకుని దర్జాగా కూర్చున్నవాళ్ళు కనిపిస్తారు. వాళ్ళు తెల్లవాళ్ళను అనుకరించారా, లేక 'మేమూ గౌరవం ఉన్న మనుషులమే' అని చెప్పారా అని ఆయన ప్రశ్న వేశారు. నాకైతే రెండూ నిజమే అనిపిస్తుంది. బట్టలు వలస పాలకుల నుంచి వచ్చి ఉండవచ్చు. కానీ ఎలా కనిపించాలి అన్నది మాత్రం ఆ మనుషులు తామే నిర్ణయించుకున్నారు.

ఈ చరిత్రలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. 1860లో మద్రాసు నుంచి 'ట్రూరో' అనే ఓడ ఒప్పంద కూలీలతో డర్బన్ చేరింది. 1911 దాకా అలా వెళ్ళినవాళ్ళలో వేలమంది తెలుగువాళ్ళు. ఓడ రిజిస్టర్లలో ప్రతి కూలీకి ఒక నంబరు, పక్కన పేరు, తండ్రి పేరు, ఊరు ఇంగ్లీషులో రాసేవారు. నాయుడు అనే పేరు అక్కడ చివర రెండు 'ఓ'లతో స్థిరపడిపోయింది. ఇక్కడ తమిళనాడులో ఉన్న మన ఇళ్ళలోనూ చాలామందికి ఇంటిపేరు రికార్డులో ఉండదు, నాన్న పేరు మొదటి అక్షరమే ఉంటుంది. ఇది ఈ నేల అలవాటు, ఎవరూ బలవంతపెట్టింది కాదు, కాబట్టి దక్షిణాఫ్రికా కష్టంతో పోల్చకూడదు. కానీ ఇంటిపేరు పెద్దవాళ్ళ నోటిలోనే మిగిలితే, వాళ్ళతోనే పోతుంది.

మొఫొకెంగ్ చూపించిన కొన్ని ఫొటోలు తీసిందెవరో ఎవరికీ తెలియదు. అడగడానికి మనుషులు లేరు. మన ఇళ్ళలో అవ్వాతాతలు ఇంకా ఉన్నారు. ఈ సెలవుల్లో ఆల్బం తీసి వాళ్ళ పక్కన కూర్చుందాం. ప్రతి ఫొటో వెనక పెన్సిల్‌తో మెల్లగా, ఆ మనిషి పూర్తి పేరు, ఊరు, తెలిస్తే సంవత్సరం తెలుగులో రాసిపెడదాం.