నారు పోసినవాడా? పొరుగింటివాళ్ళా?

రక్షణ శాఖ ఖాతాల ఆఫీసులో రిటైరై, సూరత్‌లో పవర్‌లూముల చప్పుడు మధ్య బమ్రోలిలో ఉంటున్నాను. ఆ మధ్య ఒక తెలుగు పెద్దాయన, "పిల్లలు దేవుడి లెక్కండీ. నారు పోసినవాడు నీరు పొయ్యడా?" అన్నారు.

"మీకు ఎంతమంది?"

"ఇద్దరు."

"మీ అమ్మగారికి?"

"ఏడుగురు."

ఒక్క తరంలో దేవుడు లెక్క ఎందుకు మార్చాడు? ఆడిటరుకు ఈ ప్రశ్న రావాలి కదా!

చదువు పెరిగితే పిల్లలు తగ్గుతారని మనం చెప్తుంటాం. కేరళకు అది సరిపోయింది. మరి ఆంధ్రకు? 1991 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ స్త్రీల అక్షరాస్యత 33 శాతం. దేశ సగటు 39. అయినా 1992-93 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో స్త్రీకి సగటున 3.4 పిల్లలైతే ఇక్కడ 2.6. 2005-06కు 1.8కి దిగింది.

శిశుమరణాలు తగ్గడం, ప్రభుత్వ ఆపరేషన్ క్యాంపులు, టార్గెట్లు... ఇవన్నీ కారణాలే. వీటికి తోడు ఇంకొకటుంది. ఒకామె ఆపరేషన్ చేయించుకుని మళ్ళీ కలుపు తీతకు వస్తే, పక్క సాలులో ఉన్నవాళ్ళు చూస్తారు, అడుగుతారు. ఆ కబురు అందుకోవడానికి అక్షరాలు రానక్కర్లేదు.

దక్షిణ కొరియాలో 1968 నుంచి పల్లెల్లో తల్లుల సంఘాలు పెట్టారు. రోజర్స్, కిన్‌కెయిడ్ అనే పరిశోధకులు పరిశీలిస్తే ఒక ఊళ్ళో ఎక్కువమంది మాత్రలు వాడుతున్నారు, మరో ఊళ్ళో లూప్, ఇంకో ఊళ్ళో మగవాళ్ళ ఆపరేషన్. ప్రభుత్వం ఒకటే, పథకం ఒకటే. ఎవరి ఊళ్ళో ఏ మాట నడిస్తే అదే నడిచింది.

అయితే పొరుగువాళ్ళ మాట ఎప్పుడూ హేతుబద్ధమే అనుకోకండి. 2019-21 సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఆపరేషన్ చేయించుకున్న వివాహిత స్త్రీలు దాదాపు 70 శాతం. మగవాళ్ళ ఆపరేషన్ 1 శాతం కూడా లేదు. వేసెక్టమీ తేలికైనది, ప్రమాదం తక్కువ. కాని "మగాడు నీరసపడతాడు" అన్న పుకారు వైద్యం కన్నా బలమైనది.

నా సంగతీ చెప్పాలి. రెండో కాన్పు కాగానే ఆపరేషన్ నా భార్యకే జరిగింది. అప్పటికే నేను హేతువాదినని చెప్పుకుంటున్నాను. వేసెక్టమీ గురించి డాక్టర్ని ఒక్క మాట అడగలేదు. మా ఆఫీసులో ఎవరూ చేయించుకోలేదు మరి! దేవుణ్ణి వదిలాను గాని పక్క సీటువాణ్ణి వదల్లేకపోయాను.

ఈమధ్య ఆ మాట ఆమెతో అన్నాను. "అప్పుడు అడగాల్సింది" అంది.

మీ ఇంట్లో ఆ నిర్ణయం ఎవరు తీసుకున్నారు? దేవుడు కాదని మీకు తెలుసు. మీరేనా?