రంగం పడవ నుంచి పైడిభీమవరం బస్సు దాకా

నరసన్నపేట చుట్టుపక్కల పల్లెల్లో కంపెనీ ఉద్యోగం సంగతి ఎత్తితే విశాఖపట్నం తర్వాత వస్తుంది. పైడిభీమవరం నిన్నమొన్నటిది. అంతకు ముందు తాతముత్తాతల కాలంలో రంగం (బర్మాలోని రంగూన్) ఉంది, ఖరగ్‌పూర్ ఉంది, టాటానగర్ ఉంది. వంశధార పక్కనే పారుతున్నా వానలు మొహం చాటేస్తే పని దొరకని నేల ఇది. కమతాలు చిన్నవి, అప్పులు పెద్దవి. దేశంలోని కార్మికుల స్థితిగతులు చూడడానికి 1929లో వేసిన విట్లీ కమిషన్, కార్మికుణ్ణి పట్నం రమ్మని లాగడం లేదనీ పల్లే బయటికి నెడుతోందనీ తేల్చింది. ఆ మాటకు శ్రీకాకుళం జిల్లాను మించిన సాక్ష్యం అక్కర్లేదు.

ఈ నూటపాతికేళ్ళ కథలో యంత్రాలు మారాయి, జెండాలు మారాయి. కంపెనీకీ పనివాడికీ మధ్య నిలబడే మనిషి మాత్రం కనుమరుగైనట్టే అయి మళ్ళీ తేలుతుంటాడు. మొదట అతని పేరు మేస్త్రీ.

కళింగపట్నం, బారువ, భీమునిపట్నం రేవుల్లో బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ స్టీమర్లు ఆగేవి. మేస్త్రీ ఊళ్ళోకొచ్చి అడ్వాన్సు చేతిలో పెట్టేవాడు. ఆ డబ్బు పాత అప్పుకో, ఇంటి ఖర్చుకో పోయేది. మనిషి మాత్రం రంగూన్ బియ్యం మిల్లుల్లోనో రేవులోనో తేలేవాడు. మిల్లుల్లో పని పంట చేతికొచ్చాక కొన్ని నెలలే. కూలి నేరుగా అందేది కాదు. మేస్త్రీ తన అడ్వాన్సు, తన వాటా పట్టుకోగా మిగిలినదే పనివాడిది. బర్మావాళ్ళు ఈ తెలుగువాళ్ళను కోరంగీలు అనేవారు. 1930 మేలో రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. వాళ్ళ చోట బర్మా కూలీలను పెట్టుకున్న కంపెనీలు, రాజీ కుదరగానే కొత్తవాళ్ళను పొమ్మన్నాయి. అది అల్లర్లకు దారితీసి రంగూన్ వీధుల్లో తెలుగువాళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాక వేలమంది కొండలూ అడవులూ దాటి నడిచి వచ్చారు. రానివాళ్ళ లెక్క ఎవరి దగ్గరా సరిగ్గా లేదు.

ఈలోగా రైలు వచ్చింది. 1890లలో తూర్పుతీరం వెంట పట్టాలు పడడంతో తిలారులోనో ఆమదాలవలసలోనో బండెక్కిన కుర్రాడు ఒక రాత్రి గడిస్తే ఖరగ్‌పూర్‌లో దిగేవాడు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే అక్కడ పెద్ద వర్క్‌షాపు పెట్టింది. ఫిట్టర్లు, బాయిలరు పనివాళ్ళు, కలాసీలుగా తెలుగువాళ్ళు ఎంతమంది చేరారంటే ఆ ఊళ్ళో నేటికీ తెలుగు వినబడుతూనే ఉంటుంది. రంగానికీ ఖరగ్‌పూర్‌కీ తేడా దూరంలో కాదు, హాజరు పట్టీలో ఉంది. ఇక్కడ పనివాడి పేరు కంపెనీ పుస్తకంలోకి ఎక్కింది. పేరెక్కాక తీసెయ్యడం అంత తేలిక కాలేదు. 1920ల చివర్లో వర్క్‌షాపులో మనుషులను తగ్గించబోతే సమ్మె నడిచింది. ముందు నిలిచినవారిలో బరంపురంలో పుట్టిన వరాహగిరి వెంకటగిరి ఒకరు. 1969లో రాష్ట్రపతి అయింది ఆయనే.

జంషెడ్‌పూర్‌ది ఇంకో దారి. 1907లో పుట్టిన టాటా ఇనుము ఉక్కు కంపెనీ 1912లో ఉక్కు తీసింది. ఆ ఏడే ఎనిమిది గంటల పని పెట్టింది. 1920లో జీతంతో సెలవు, ప్రావిడెంట్ ఫండ్ వచ్చాయి. ఇవి దేశమంతటికీ చట్టంగా రావడానికి ఇంకా దశాబ్దాలు పట్టింది. ఇదంతా యాజమాన్యం మంచితనమే అనుకుంటే పొరపాటు. 1920, 1922, 1928 సంవత్సరాల్లో అక్కడ పెద్ద సమ్మెలు జరిగాయి. చివరిదాన్ని రాజీకి తెచ్చినవాడు సుభాష్ చంద్రబోస్. కొలిమి దగ్గర మాడి, మనియార్డరు కట్టి, బిష్టుపూర్‌లో రామాలయం కట్టుకుని ఉత్తరాంధ్ర కుటుంబాలు అక్కడే పాతుకుపోయాయి. మూడో తరానికి ఊరు పెళ్ళిళ్ళకే పరిమితమైంది.

ఇంటి దగ్గర పని అంటే జూట్ మిల్లే. నెల్లిమర్ల, చిట్టివలస మిల్లుల కూతే చాలా ఊళ్ళకు గడియారం. చుట్టుపక్కల రైతు గోగునార పండించేవాడు, అతని తమ్ముడు ఆ నారనే కార్డింగ్‌లోనో స్పిన్నింగ్‌లోనో వడికేవాడు. నార దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోయేది. మగ్గాల మోతకు చెవులు దిబ్బళ్ళు వేసేవి. పర్మనెంటు కాని బదిలీ కార్మికుడు రోజూ గేటు దగ్గర నిలబడి ఆ పూట పిలుపు కోసం చూసేవాడు. ప్లాస్టిక్ సంచి వచ్చి గోనెసంచి గిరాకీని దెబ్బకొట్టింది. 1987లో తప్పనిసరిగా జూట్ సంచులు వాడాలన్న చట్టం తెచ్చినా మిల్లులు కుదుటపడలేదు. లాకౌట్లు అలవాటయ్యాయి. 1994 జనవరి 29న నెల్లిమర్లలో ఆందోళన చేస్తున్న కార్మికులపై పోలీసులు కాల్పులు జరిపితే ఐదుగురు చనిపోయారు. చిట్టివలస మిల్లు 2009లో మూతపడింది.

పెద్ద ఆశ విశాఖ. 1941లో రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసిన సింధియా షిప్‌యార్డు నుంచి 1948లో ‘జల ఉష’ నీళ్ళలోకి దిగింది. తీరంలోని వెల్డర్లకు, రిగ్గర్లకు షిప్‌యార్డు పని కొత్త విద్య నేర్పింది. అయితే ఇంటింటికీ చేరిన మాట ఉక్కు. 1966లో ఉక్కు ఫ్యాక్టరీ కోసం అమృతరావు నిరాహారదీక్ష, నవంబరు 1న విశాఖలో కాల్పులు, ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ నినాదం. 1971 జనవరిలో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. 1992 ఆగస్టులో పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేశారు. మధ్యలో ఇరవై ఏళ్ళు గడిచిపోయాయి. ఉక్కు ఉద్యోగమంటే క్వార్టరు, ఆసుపత్రి, పిల్లలకు మంచి బడి, పెళ్ళి సంబంధాల్లో పై చెయ్యి. బ్లాస్ట్ ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్న ఫ్యాక్టరీ అది. కానీ భూమి ఇచ్చిన ఊళ్ళవాళ్ళు నిర్వాసితుల ఆర్-కార్డులు పట్టుకుని ఉద్యోగం కోసం దశాబ్దాల తరబడి తిరిగారు. సొంత గనులు ఇవ్వకపోవడంతో ప్లాంటు ముడి ఇనుము బజారు ధరకు కొనుక్కోవాల్సి వచ్చింది. 2021 జనవరిలో కేంద్రం నూరు శాతం వాటా అమ్మకానికి ఆమోదం తెలిపింది. దీక్షా శిబిరాలు మళ్ళీ వెలిశాయి. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించారు. అదే ఏడాది కాంట్రాక్టు కార్మికుల తొలగింపుపై సమ్మెలు జరిగాయి.

ఇప్పటి శ్రీకాకుళం కుర్రాడికి అంత దూరం పోనక్కర్లేదు. రణస్థలం మండలం పైడిభీమవరంలో డాక్టర్ రెడ్డీస్, అరబిందో వంటి మందుల కంపెనీలున్నాయి. హైవే మీద షిఫ్టు బస్సు ఎక్కితే చాలు. బీఎస్సీ కెమిస్ట్రీ చదివినవాడు రియాక్టరు దగ్గర నిలబడతాడు, పదో తరగతి దగ్గర ఆగినవాడు డ్రమ్ములు దొర్లిస్తాడు. ఇద్దరికీ ఒకే మాస్కు, ఒకే సాల్వెంటు వాసన. జీతమిచ్చే చెయ్యి మాత్రం ఒకటి కాదు. రెండోవాడు తరచుగా కాంట్రాక్టరు మనిషి, అంటే రంగం మేస్త్రీకి కాగితాలున్న వారసుడి మనిషి. తేడా లేకపోలేదు. కాంట్రాక్టరు కూలి ఎగ్గొడితే అసలు కంపెనీ కట్టాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం చెప్పింది. పీఎఫ్, ఈఎస్ఐ వర్తిస్తాయి. రంగూన్ కూలీకి ఇవేవీ లేవు.

ఆంధ్రప్రదేశ్ 2003లో ఆ చట్టాన్ని సవరించి, కంపెనీ ముఖ్యమైన పనుల్లో కాంట్రాక్టు కూడదంది. కాపలా, క్యాంటీన్, పారిశుధ్యం, సరుకు ఎత్తుడు దించుడు మాత్రం ముఖ్యం కాని పనుల లెక్కలోకి చేరాయి. ఏది ముఖ్యం, ఏది కాదు అన్న పేచీ గేటు మీటింగుల్లో ఇంకా నడుస్తోంది. 2025లో రాష్ట్ర ప్రభుత్వం ఫ్యాక్టరీల్లో రోజు పని పరిమితిని 9 గంటల నుంచి 10కి పెంచాలని నిర్ణయించాక, కార్మిక సంఘాల పేచీల్లో పని గంటల సంగతీ మళ్ళీ చేరింది.