స్పీడ్ పోస్టులో విత్తనాల పార్సిల్: ట్రాకింగ్ ఇలా

విత్తనాలు స్పీడ్ పోస్టులో తెప్పించుకునే రైతులు పంపినవారి నుంచి ట్రాకింగ్ నంబరు తప్పక తీసుకోవాలి. ముందు రెండు ఇంగ్లిషు అక్షరాలు, తర్వాత తొమ్మిది అంకెలు, చివర ఐ, ఎన్ అక్షరాలు ఉంటాయి. దీన్ని ఇండియా పోస్ట్ వెబ్‌సైటులో కొడితే పార్సిల్ ఎంతవరకు వచ్చిందో తెలుస్తుంది. 'ఐటమ్ బుక్డ్' అంటే పోస్టాఫీసులో ఇచ్చారని మాత్రమే. 'అవుట్ ఫర్ డెలివరీ' అంటే పంచడానికి బయలుదేరిందని; ఆ రోజు ఫోను దగ్గర ఉంచుకోవాలి.

అసలు జాగ్రత్త 'డోర్ లాక్డ్' అని వచ్చినప్పుడు. పొలం పనుల రోజుల్లో ఇంట్లో ఎవరుంటారు? వెంటనే గుర్తింపు కార్డుతో పోస్టాఫీసుకు వెళ్లి అడగాలి. ఆలస్యమైతే పార్సిల్ తిరిగి వెళ్లిపోతుంది, విత్తే అదనూ దాటిపోతుంది.

'చిరునామా తప్పు, డబ్బు కట్టండి' అంటూ లింకుతో వచ్చే మెసేజ్‌ను నమ్మవద్దు. అలా డబ్బు పోతే వెంటనే 1930కు ఫోన్ చేయాలి. పార్సిల్ సమాచారానికి తపాలా శాఖ టోల్ ఫ్రీ నంబరు: 1800 266 6868.