శీర్షిక పుట్టుపూర్వోత్తరములు

తెలుగు కావ్యములందు ఆశ్వాసము పేరు తుదను వచ్చును. కథ నడిచి, పద్యములు ముగిసి, ఆశ్వాసాంత గద్యము చేరిన పిమ్మట గాని యిది ఏ గ్రంథము, ఎవరి కృతి, ఎన్నవ ఆశ్వాసము అనునది తాటాకుపై కంటికి ఆనదు. మొదటి ఆకునుండి కడపటి ఆకు వఱకు చదువువానికిని, అరుగుమీద కూర్చుండి వినువానికిని ఆ పద్ధతి చాలియుండెను. పురాణము వినవచ్చినవాడు నడిమి ఘట్టమునకు దుమికిపోవలెనని తొందరపడడు గదా. కావలసినది మాత్రమే వెదకి చదువుకొను పాఠకునకే పేరు ముందుగా కావలెను. రోమక పండితుడు ప్లినీ క్రీ.శ. 77 ప్రాంతమున తన ప్రకృతి చరిత్రను చక్రవర్తి కుమారుడైన టైటస్‌నకు అంకితమిచ్చుచు, పనుల తొందర గలవాడు గ్రంథమంతయు చదువ నక్కఱలేకుండ మొదటి సంపుటమునెల్ల విషయసూచికకే కేటాయించెను. మధ్యయుగమున ఐరోపా లేఖకులు ప్రకరణముల పేర్లను ఎఱ్ఱ సిరాతో వ్రాసిరి. శీర్షిక యను మాటలో శీర్షము, అనగా తల, ఉన్నది. పేరు తలకెక్కుటయే దాని చరిత్రకు ప్రథమ ఘట్టము.

ద్వితీయ ఘట్టము యంత్రములతో వచ్చినది. 1969లో ఐబీఎం సంస్థయందు చార్లెస్ గోల్డ్‌ఫార్బ్, ఎడ్వర్డ్ మోషర్, రేమండ్ లోరీ అను మువ్వురు ఒక గుర్తుల భాషను కల్పించిరి. వారి యింటిపేర్ల మొదటి యక్షరములు కలిసి వచ్చునట్లు దానికి జీఎంఎల్ అను పేరు నిలిచినది. అంతకు పూర్వము అచ్చునకు పోవు వ్రాతప్రతి అంచున 'ఈ పంక్తి పెద్దయక్షరములతో, నడుమ' అని గుర్తు పెట్టుట వాడుక. ఈ మువ్వురి మార్గమున పంక్తి ఎట్లు కనబడవలెనో చెప్పుట మాని, అది యేమో చెప్పుట సాగినది. శీర్షికను శీర్షిక యన్నచో చాలును. ఎంత లావుగా చూపవలెనన్నది చూపు యంత్రము పని. ఈ మార్గమే ఎస్‌జీఎంఎల్ అను పేర 1986లో అంతర్జాతీయ ప్రమాణమై, జెనీవా చెంతనున్న సెర్న్ పరిశోధనాలయమునకు చేరి, అచట టిమ్ బెర్నర్స్-లీ వెబ్బును నిర్మించునాటికి చేతికందునట్లుండెను. వెబ్ పుటల గుర్తుల భాషయైన హెచ్‌టీఎంఎల్‌లో హెచ్1 మొదలు హెచ్6 వఱకుగల శీర్షిక ట్యాగులు, అనగా శీర్షిక గుర్తులు, ఆ కుదురునుండి మొలిచినవే. ఐనను ఆయన మనస్సు వాటియందు పూర్తిగా లేదు. 1991లో వ్రాసిన యొక లేఖలో, ఈ అంకెల శీర్షికలు అమెరికా ప్రచురణకర్తల సంఘమువారి పద్ధతినుండి వచ్చినవనియు, తనకు మాత్రము ఒకదానిలో నొకటి ఇముడు ప్రకరణములును, వాటికి అంకెలేని ఒకే శీర్షిక ట్యాగును ఉన్నచో ఇష్టమనియు తెలిపెను.

ఈ ట్యాగులను వాడుటలో పొరపాటు పుట్టినది కంటివలన. 1995 నవంబరులో వెలువడిన హెచ్‌టీఎంఎల్ 2.0 ప్రమాణపత్రము, మెట్టు దాటించి హెచ్1 వెనుక హెచ్3 పెట్టుట మంచిది కాదని హెచ్చరించుచునే, హెచ్1 మిక్కిలి పెద్దయక్షరములతో నడుమ కనబడవచ్చునని ఒక సూచనయు చేసినది. పుటలు వ్రాయువారు హెచ్చరికను మఱచి సూచనను పట్టుకొనిరి. హెచ్1 మరీ లావుగా నున్నదని హెచ్3 పెట్టినవారు కొందఱు. మాట నొక్కి చెప్పుటకు పేరా నడుమ హెచ్2 తగిలించినవారు కొందఱు. అసలు ట్యాగే లేక ఫాంట్ పెంచి, బోల్డ్ చేసి సరిపెట్టినవారు మఱికొందఱు. రూపమును తీర్చుటకు సీఎస్ఎస్ 1996 డిసెంబరులో ప్రమాణమైనది గాని, అప్పటికే అలవాటు ముదిరియుండెను.

వెదకు యంత్రములును మొదట అక్షరముల లావునే నమ్మినవి. 1998లో సెర్గీ బ్రిన్, లారీ పేజ్ గూగుల్ నిర్మాణమును వివరించిన పరిశోధనపత్రమున, ప్రతి మాటకును పుటలో దాని చోటుతోపాటు, తక్కిన మాటలతో పోల్చగా దాని యక్షరముల పరిమాణమును మూడు బిట్లలో నమోదుచేయు విధానము కలదు. ఈ కిటుకు గ్రహించిన కొందఱు పుటనంతయు హెచ్1తో నింపిరి. రావణునకైనను పది తలల క్రింద ఒక దేహముండెను. ఆ పుటలకు తలలే గాని దేహము లేదు. శీర్షిక యొక్కటే పుటను మొదటి వరుస కెక్కింపదు. ఏ ఖండమున ఏ విషయము కలదో యంత్రమునకు తెలుపును, అంతియే.

శీర్షిక ట్యాగు నిజమైన విలువ చూపులేని పాఠకునకు తెలియును. ఆవకాయ పెట్టు విధానము తెలుపు పుట యొకటి యున్నదనుకొందము. చూపుగలవాడు తెఱను క్రిందికి జరుపుచు, ఆవపిండి పాళ్లు ఎచ్చట నున్నవో రెప్పపాటున పట్టును. జాస్, ఎన్‌వీడీఏ వంటి స్క్రీన్ రీడరుతో వినువాడు కీబోర్డుమీద హెచ్ అక్షరమును నొక్కగానే 'ఆవకాయ' అను పేరును, అది మొదటి స్థాయి శీర్షిక యనియు వినవచ్చును. మఱల నొక్కిన 'కావలసిన సరుకులు', రెండవ స్థాయి. మఱల నొక్కిన 'ముక్కలు కొట్టుట'. మఱల 'జాడీ కెత్తుట'. 2 అంకెను నొక్కుచు పోయినచో రెండవ స్థాయివి మాత్రమే పలుకును. ఆ మాటలే ట్యాగులేని బోల్డ్ యక్షరములైనచో, హెచ్ ఎన్నిమార్లు నొక్కినను తదుపరి శీర్షిక లేదన్న పలుకే వచ్చును. పిండి పాళ్లు తెలియుటకు అతడు పీఠికలోని మామిడితోపు వర్ణనమునుండి సమస్తమును వినవలెను. అరుగుమీది పురాణశ్రవణమే మఱల, ఈమాఱు ఇష్టములేక. అందువలననే వెబ్ పుటలు అందఱికిని అందుటకై 1999 మే నెలలో వెలువడిన డబ్ల్యూసీఏజీ అను తొలి మార్గదర్శకములు శీర్షిక ట్యాగులను నియమానుసారముగా వాడుమనెను. 2008 నాటి రెండవ కూర్పు, కంటికి కనబడు కూర్పు యంత్రమునకును తెలియవలెనని విధించెను.

బెర్నర్స్-లీ కోరిక వంటిది 2014లో ప్రమాణమైన హెచ్‌టీఎంఎల్5లో మఱొకమాఱు తలయెత్తినది: ప్రకరణములు ఒకదానిలో నొకటి యున్న లోతును బట్టి శీర్షిక స్థాయిని యంత్రమే లెక్కకట్టుననిరి. బ్రౌజర్లు ఏవియు దానిని ఆచరణలో పెట్టలేదు. 2022లో ఆ విధానమును ప్రమాణమునుండి తొలగించిరి. కావున అంకెను ఎంచుట నేటికిని వ్రాయువాని చేతిలోనే యున్నది. ఎంచిన పిమ్మట, శీర్షికలను మాత్రము ఏఱి క్రమముగా బిగ్గఱగా చదివి చూచునది. ప్లినీ సూచికవలె అవి విషయమును చెప్పినచో పుట సిద్ధమైనట్లు. చెప్పనిచో అంకెలతోపాటు వ్యాసపు కూర్పును కూడ సవరింపవలెను.