సఫేద్‌పోషీ

'మీకేం, నవాబుల వారసులు' అంటారు మమ్మల్ని. జాగీర్లున్నది పిడికెడు మందికి. మా తాతలు నిజాం ఫౌజులో, దఫ్తర్లలో చిన్న నౌకర్లు. తన్ఖాయే ఆస్తి. 1948 పోలీసు చర్యతో అదీ పోయింది. మిగిలింది సఫేద్‌పోషీ: కడుపు కాలినా తెల్లబట్ట మాయనివ్వని పరువు.

2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే నాగోల్‌లో మా గడపకొచ్చింది. ఇల్లుందా? ఉంది. బండుందా? ఉంది. 'బాగానే ఉన్నారే' అన్నాడు రాసుకునేవాడు. బండి ఫైనాన్సుది, అమ్మీ గాజులు తాకట్టులో ఉన్నాయి. పక్కింటివాళ్ళు వింటుంటే అప్పు మాట మా నోట రాలేదు.

ఆస్తిలోంచి అప్పు తీసేస్తే మిగిలేదే సంపద. బ్యాంకు రుణాల్లో ముస్లింల వాటా జనాభాలో వాటాకన్నా బాగా తక్కువని 2006లోనే సచార్ కమిటీ చెప్పింది. బ్యాంకు ఇవ్వకపోతే వడ్డీవ్యాపారే దిక్కు. ఆ చిట్టా ఎవరికి కనబడుతుంది?

2017లో మెట్రో నాగోల్‌కొచ్చింది. గజం ధర పెరిగింది, కాగితంమీద మేమూ పెరిగాం. ఇల్లమ్మితే తప్ప చేతికి రాని కలిమి అది.

మమ్మల్ని కొలవండి, అప్పు కూడా అడగండి. తెల్లబట్ట చాటునుంచి బయటికొచ్చి జవాబు చెప్పడం మేమూ నేర్చుకోవాలి.